ఊటీకి ఒక్క సీటు

ఇబ్రహీంపట్నం బస్టాండుకు ఎదురుగా మందుల దుకాణం ఉంది. దాని మీది అంతస్తులో రక్త పరీక్షల లాబ్. ఓనర్ పేరు దివాకర్. టెక్నీషియన్ పేరు మనోజ, వయసు ఇరవై ఎనిమిది. 2008 ఫిబ్రవరిలో ఒక బుధవారం సాయంత్రం దివాకర్ ఫోన్ పెట్టేసి ఆమెను పిలిచాడు.

"పరమేశ్వర్ సార్ ఫోన్ జేసిండు. రేపు పొద్దుగాల అకాడమీకి పోయి ఇద్దరు ఆడపిల్లల రక్తం తియ్యాలె. ఊటీ క్యాంపుకు హిమోగ్లోబిన్ రిపోర్టు గావాల్నట."

"ఇద్దరూ పోతున్నరా అన్నా?"

"సీటు ఒక్కటేనట. ఇద్దర్ల ఒకరు."

"ఒకరు ఆయన బిడ్డ. ఇంకొకరెవరు?"

"ఎస్తేరు అని యాచారం దిక్కు పిల్ల. ఎందుకు, నీకు తెలుసా?"

"తెల్వదు" అంది మనోజ. "రేపు నేనే పోత."

పొద్దున ఆరింటికి ఊరి బయటికి పొమ్మంటే ఎవరైనా సణుగుతారు. మనోజ అప్పటికే సూదుల డబ్బా సర్దుతోంది. దివాకర్‌కు అది వింతగా అనిపించింది కానీ అడగలేదు. ఈ కబురు కోసం ఆమె మూడేళ్లుగా కాచుకొని ఉందని అతనికి తెలియదు.

1998లో పరమేశ్వర్ బడిలో డ్రిల్లు సారు. పొద్దున, సాయంత్రం పిల్లలకు దూరపు పరుగు నేర్పేవాడు. మనోజ అప్పుడే ఇంటర్ పూర్తిచేసింది. తండ్రి లేడు. తల్లి బుగ్గమ్మ కూరగాయలు అమ్మేది. ఊరి వెనుక గుట్ట మీదికి సీతాఫలం చెట్ల మధ్య నుంచి మేకల బాట ఒకటి ఉండేది. ఆ బాట మీద పది కిలోమీటర్లు మనోజ కంటే ముందు పరుగెత్తిన ఆడపిల్ల జిల్లాలో లేదు. రెండోది సునంద. సునంద పరమేశ్వర్‌కు మేనకోడలు.

ఆ ఏడు ఊటీలో ఎనిమిది వారాల క్యాంపు పెట్టారు. ఊటీ సముద్ర మట్టానికి రెండు వేల రెండు వందల మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ పీల్చే గాలిలో ప్రాణవాయువు తక్కువ అందుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒంట్లో ఎర్ర కణాలు పెరుగుతాయి. నెలా నెలన్నర అక్కడ పరుగెత్తి కిందికి దిగినవాళ్లకు పాత వేగం అలవోకగా వస్తుంది. దూరం పరుగెత్తేవాళ్లు కొండలెక్కేది అందుకే. అయితే రక్తం ముందే తక్కువున్నవాళ్లకు ఆ లాభం ఉండదు, ఉన్న బలం కూడా పోతుంది. అందుకని క్యాంపు డాక్టర్లు ఒక నియమం పెట్టారు. ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ పన్నెండుకు తగ్గకూడదు.

మనోజ బడి అట్లాసు తెరిచి ఊటీని వెతికింది. తర్వాత కొడైకెనాల్, హిమాచల్‌లో షిలారూ, ఆపైన లేహ్. ఒక్కోదాని పక్కన పెన్సిలుతో ఎత్తు రాసుకుంది. ముందు ఊటీ, తర్వాత షిలారూ అని వరస కూడా పెట్టుకుంది.

రిపోర్టులు వచ్చాయి. సునందకు పన్నెండు పాయింట్ ఎనిమిది. మనోజకు తొమ్మిది పాయింట్ ఒకటి.

"నీ రక్తం పల్చగున్నది బిడ్డా. నేనేం జేస్త చెప్పు" అన్నాడు పరమేశ్వర్.

సునంద ఊటీకి పోయింది. బుగ్గమ్మ కూతురికి వారానికి రెండుసార్లు మేక కార్జం వండిపెట్టింది. పాలకూర, బెల్లం, సర్కారు దవాఖాన గోలీలు. గోలీలకు మనోజ కడుపులో తిప్పేది. రెండేళ్లు మింగింది. రక్తం లేని పిల్ల అని వాడకట్టులో పేరు పడింది. మాట్లాడటానికి వచ్చిన సంబంధం ఒకటి ఆ పేరు విని హయత్‌నగర్ దాకా వెనక్కి పోయింది. పరుగు తనంతట తనే ఆగిపోయింది. ఆ తర్వాత లాబ్ కోర్సులో చేరింది. మొదటి నెలలో విద్యార్థులు ఒకరి వేలు ఒకరు గుచ్చుకొని నేర్చుకుంటారు. మనోజ రక్తం పదమూడు పాయింట్ నాలుగు వచ్చింది. కార్జం పనిచేసిందని తల్లికి చెప్పింది. ఇద్దరూ సంతోషపడ్డారు.

మనోజ దివాకర్ లాబ్‌లో చేరాక, 2005లో సునంద అక్కడికి వచ్చింది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో అత్తవారిల్లు, నాలుగో నెల గర్భం. రక్తం ఎనిమిది పాయింట్ ఆరు ఉంది. సిటీలో పెద్ద పరీక్ష చేయించుకొమ్మన్నారు. ఆ రిపోర్టు తీసుకొని పది రోజులకు మళ్లీ వచ్చింది. ఆమెకు పుట్టుకతోనే రక్తంలో ఒక లక్షణం ఉంది. ప్రాణానికి ముప్పు లేదు కానీ ఎన్ని గోలీలు మింగినా హిమోగ్లోబిన్ పదిన్నర దాటదు. ఎప్పుడూ దాటి ఉండదు.

మనోజ ఆ కాగితం చదివి బల్ల మీద పెట్టింది. సునంద చేతికి రబ్బరు పట్టీ కడుతూ అడిగింది.

"ఊటీల బాటలు ఎట్లుంటయి సునందా? తేయాకు తోటల నడుమ ఉరికిపిస్తరట గద."

"నాకేమెరుక? మూడు దినాలు ఉరికిన. నాలుగో దినం కండ్లు తిరిగి పడ్డ. పదకొండు దినాలు మంచం మీదనే ఉన్న. అటెంక రైలెక్కించిన్రు." సునంద నవ్వింది. "కిటికీలకెళ్లి చెట్లు కనవడేటివి. గదే నా ఊటీ."

"నీ రిపోర్టుల పన్నెండు ఎనిమిది వచ్చె గద."

"వచ్చింది. మామ స్కూటర్ మీదనే లాబ్‌కు పోయినం. రక్తం ట్యూబులు టిఫిన్ డబ్బాల పెట్టిండు. నడిమిట్ల బండి ఆపి, పేర్ల ప్లాస్టర్లు ఊడుతున్నయని మళ్ల అతికిచ్చి..."

సునంద అక్కడ ఆగింది. మనోజ ముఖంలోకి చూసింది.

"నాకు గప్పుడు తెల్వదే మనోజా. నీ తోడు, ఇప్పటిదాంక తెల్వదు."

మనోజ సూది తీసి దూది పెట్టింది. "చెయ్యి మడిచి పట్టుకో" అంది.

ఆ సాయంత్రం తల్లికి కూడా చెప్పలేదు. ఎవరికి చెప్పినా రుజువేదని అడుగుతారు. ఏడేళ్ల కిందటి రక్తం ఎక్కడా దాచి ఉండదు. సునంద మామ మీద సాక్ష్యం చెప్పదు. మనోజ చాలా రోజులు ఆలోచించి ఒక సంగతి తేల్చుకుంది. ఒకసారి దొరకని మనిషి రెండోసారి కూడా అదే దారిన పోతాడు. అవసరం పడ్డ రోజున పరమేశ్వర్ మళ్లీ ఆ పని చేస్తాడు. ఆ రోజు తను అక్కడ ఉండాలి. పరమేశ్వర్ అకాడమీ పరీక్షలు మన లాబ్‌కు రప్పించు అని దివాకర్‌ను పోరింది. ఆరు నెలల్లో వచ్చాయి.

గురువారం పొద్దున ఆరింటికి ఆమె సాగర్ రోడ్డు మీద ఆటో దిగింది. అకాడమీ గేటు మీద మంచుకొండ బొమ్మ వేసిన బోర్డు ఉంది. ఇబ్రహీంపట్నం ఆరు వందల మీటర్ల ఎత్తున కూడా లేదు. పరమేశ్వర్ నాలుగేళ్ల కిందట నౌకరీకి రాజీనామా చేసి ఈ పరుగుల అకాడమీ పెట్టాడు, భూముల బేరంలోకి కూడా దిగాడు. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరవబోతున్నారు, రింగు రోడ్డు వస్తోంది. గుట్ట కింది చెలకలన్నీ ప్లాట్లయ్యాయి. మేకల బాటలో సగం ప్లాట్లలో కలిసిపోయింది. పిల్లలు అంకెలు వేసిన తెల్లరాళ్ల మధ్య నుంచి పరుగెత్తి, ఆ రాళ్లు అయిపోయాక గుట్ట ఎక్కుతారు.

పరమేశ్వర్ కారుకు ఆనుకొని ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"తూర్పు మొఖమే అన్నా, ఫికర్ జెయ్యకు. గుట్ట అడ్డమున్నదా? గుట్ట ఎన్ని దినాలుంటది, రెండేండ్లల్ల అది గూడ పోతది."

ఫోను పెట్టేసి మనోజను చూశాడు. చేతిలో మూడు జిల్లాల మెడల్స్ ఉన్నట్టు నడిచేవాడు ఎప్పుడూ. ఇప్పుడూ అలాగే వచ్చాడు.

"ఏం మనోజా, రక్తం పెరిగిందా?" అని, పిల్లల వైపు తిరిగాడు. "ఈమె గూడ నా దగ్గర ఉరికిందే. మస్తు ఉరికేది. రక్తమొక్కటే లేకుండె. గట్లున్నోళ్లను కొండ మీదికి తోలితే పీనుగై దిగుతరు."

"ఇప్పుడు మంచిగనే ఉన్నది సార్" అంది మనోజ.

అమ్మాయిలు ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. పరుగెత్తాక తీస్తే ఒంట్లో నీళ్లు తగ్గి అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకని ముందే తీయాలి. ఇద్దరి మెడల్లో అకాడమీ కార్డులు ఉన్నాయి. పరమేశ్వర్ బిడ్డ యమున కార్డు మీద ఎ గ్రూపు, ఎస్తేరు కార్డు మీద ఓ గ్రూపు.

ఎస్తేరు ముందు చెయ్యి చాపింది. పద్దెనిమిదేళ్లుంటాయి. తండ్రి దానియేలు యాచారం రూటులో ఆటో నడుపుతాడు.

"సూది సన్నదేనా అక్కా?"

"గుట్ట ఎక్కే పిల్లవు, సూదికి భయమా?"

"గుట్ట గుచ్చదు గదక్కా. ఊటీల చలి ఉంటదా? మా బాపు స్వెట్టర్ దెచ్చిండు. మా అమ్మ దాన్ని అప్పుడే మూడుసార్లు ఉతికింది."

"ఇంక పేరు రాలే, అప్పుడే స్వెట్టరా?" అంది యమున.

"మొన్న ట్రయల్‌ల ముప్పై సెకన్లు నీకంటే ముందొచ్చిన. పేరు దానంతట అదే వస్తది" అని ఎస్తేరు నాలుక చాపింది. యమున ఆమె జడ పట్టి గుంజింది.

యమున వంతు వచ్చింది. మనోజ ఆమె కింది కనురెప్ప వేలితో దించి చూసింది. లోపల ఎరుపు తక్కువగా ఉంది.

"పోయిన వారమే సిటీల తీసిన్రక్కా, మళ్లెందుకు?" అంది యమున.

"ఎంత వచ్చింది?"

"నాన్న చెప్పలే. మంచిగనే ఉన్నదన్నడు."

మనోజకు కావలసింది దొరికింది. కూతురి రక్తం తక్కువని పరమేశ్వర్‌కు ముందే తెలుసు. ఎస్తేరు రక్తం పన్నెండుకు తగ్గితే తప్ప యమున ఊటీకి పోవడానికి లేదు, యమునది పన్నెండు దాటితే తప్ప అసలే కుదరదు. రెండు పనులూ ఒకేసారి కావాలంటే దారి ఒక్కటే. పేర్లు మార్చాలి.

దివాకర్ లాబ్‌లో ట్యూబు మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అతికించి, దాని మీద పెన్నుతో పేరు రాస్తారు. మనోజ రెండు ముక్కలు రాసుకొచ్చింది. ఎస్తేరు రక్తమున్న ట్యూబుకు 'యమున' అని ఉన్న ముక్క అతికించింది. యమున రక్తమున్న ట్యూబుకు 'ఎస్తేరు' అని ఉన్నది అతికించింది. పరమేశ్వర్ వీటిని తారుమారు చేస్తే ఎవరి పేరు వాళ్ల రక్తం మీదికి వస్తుంది. చేయకపోతే లాబ్‌లో గ్రూపు చూడగానే తెలుస్తుంది, తనే సరిచేస్తుంది. ట్యూబులను ఐసు డబ్బాలో పెట్టింది.

"సార్, నాకు ఇంకో ఇంట్ల రక్తం తీసేదున్నది. ఎనిమిదిన్నర అయితది లాబ్‌కు పోయేవరకు."

"ఎండకు పాడైతయి. గా డబ్బా ఈడ పెట్టు" అన్నాడు పరమేశ్వర్. "ట్రయల్ అయినంక కారుల నేనే దింపిపోత."

"మీకెందుకు సార్ తకలీబు."

"తకలీబేముంది. మన పిల్లలే గద."

ఆమె డబ్బాను అతని చేతుల్లో పెట్టింది.

నిజానికి ఇంకో ఇంట్లో తీసేదేం లేదు. రోడ్డు దాకా నడిచి, చాయ్ బండి దగ్గర నిలబడి ట్రయల్ చూసింది. ఇద్దరు పిల్లలు తెల్లరాళ్ల మధ్య నుంచి గుట్ట వైపు పోయారు. ఎస్తేరు ఎక్కేటప్పుడు చేతులు ఛాతీ దగ్గర పెట్టుకొని చిన్న అడుగులు వేస్తుంది. మనోజ కూడా అలాగే ఎక్కేది. యమున సగం గుట్టకే నోటితో గాలి పీలుస్తోంది. దిగి వచ్చేసరికి ఎస్తేరు నలభై సెకన్లు ముందుంది.

ఆటోలో లాబ్‌కు పోతుంటే మనోజకు ఒక ఆలోచన వచ్చింది. ఈ పదేళ్లలో ఆ మనిషి మారి ఉంటే? ఆ ఆలోచన ఆమెకు నచ్చలేదు. మారకూడదని కోరుకుంది. ఇబ్రహీంపట్నం చేరేదాకా అదే కోరుకుంది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా పరమేశ్వర్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నాలుగింటికి వస్త. ఐదింటికి కొరియర్ పోవాలె" అని దిగిపోయాడు.

మనోజ ట్యూబులు బయటికి తీసింది. రెండు ప్లాస్టర్ల అంచులూ పైకి లేచి ఉన్నాయి. ఒకదాని కింద కారు సీటు కవరు పోగు ఒకటి అంటుకొని ఉంది. అయినా అది చాలదనుకుంది. తెల్ల పలక మీద 'యమున' అని ఉన్న ట్యూబు నుంచి చుక్క వేసి, మందు కలిపి, పుల్లతో తిప్పింది. రక్తం గింజ కట్టింది. ఎ గ్రూపు. అంటే యమున పేరు కింద యమున రక్తమే ఉంది.

రెండో ట్యూబు చూసింది. ఓ గ్రూపు.

ఆ పలక ముందు మనోజ కుర్చీ లాక్కొని కూర్చుంది. మామూలుగా నిలబడే పని చేస్తుంది. దివాకర్ లోపలి నుంచి "ఏమైంది?" అని అడిగాడు.

"ఏం కాలేదన్నా. అన్నీ కరెక్టుగున్నయి."

హిమోగ్లోబిన్ చూసింది. యమునకు పది పాయింట్ ఒకటి. ఎస్తేరుకు పదమూడు పాయింట్ రెండు. ఒక్కోటి రెండుసార్లు చేసి, కాగితం మీద రాసి, దివాకర్‌తో సంతకం చేయించి, ముద్ర వేసింది.

నాలుగింటికి పరమేశ్వర్ అమ్మాయిలిద్దరినీ వెంటబెట్టుకొని మెట్లెక్కి వచ్చాడు. క్యాంపు ఫారాలు చేతిలో ఉన్నాయి. బెంచీ మీద నలుగురైదుగురు కూర్చున్నారు. చివర నారయ్య అనే ముసలాయన షుగరు రిపోర్టు కోసం మధ్యాహ్నం నుంచి ఉన్నాడు.

పరమేశ్వర్ కవరు చింపి కాగితాలు చూశాడు. రెండోసారి చూశాడు. కాగితాలు తిప్పి వెనుక చూశాడు.

"ఇది తప్పు" అన్నాడు.

"ఏది సార్?"

"ఇదంత. యమునకు పది రాసినవ్."

"పదే వచ్చింది సార్. రెండుసార్లు జేసిన."

"ట్యూబులు తారుమారైనయి."

"యాడ తారుమారైనయి సార్?"

దివాకర్ తలుపు దగ్గరికి వచ్చాడు.

"మీ లాబ్‌ల్నే అయి ఉంటయి" అన్నాడు పరమేశ్వర్.

"నేను అకాడమీల నింపిన. మీరు కారుల తెచ్చిన్రు. నేను ఈడ మూత తీసిన. ఈ మూడు జాగాలల్ల ఏ జాగల తారుమారైనయో మీరే చెప్పున్రి."

"కారుల వాటంతట అవే మారినయేమో" అన్నాడు నారయ్య. "నా చెప్పులు గూడ గుడి కాడ గట్లనే మారినయి."

బెంచీ మీద ఒకరు నవ్వారు.

"మళ్ల తియ్యి" అన్నాడు దివాకర్ మనోజతో. అతనికి ఏమీ అర్థం కాలేదు కానీ లాబ్ పేరు పోతుందని భయపడ్డాడు. "ఇద్దరూ ఈడనే ఉన్నరు గద సార్. ఇరవై నిమిషాల పని. అందరి ముంగటనే తీస్తం."

"అక్కర్లే" అన్నాడు పరమేశ్వర్.

"ఎందుకక్కర్లే నాన్నా?" అంది యమున. చొక్కా చేయి పైకి మడిచి కుర్చీలో కూర్చుంది. "తియ్యక్కా."

మనోజ తీసింది. ఎస్తేరుది కూడా తీసింది. బల్లను వాకిట్లోకి జరిపి అందరికీ కనిపించేట్టు పని చేసింది. పరమేశ్వర్ ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"ఏం గావాలె నీకు?"

"సునంద మూడేండ్ల కింద ఈడికొచ్చింది సార్. ఆమె రక్తం పుట్టినకాడికెళ్లి పదిన్నర దాటలే. ఊటీకి పన్నెండు ఎనిమిది యాడికెళ్లి వచ్చింది?"

అతను క్యాంపు ఫారాలను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"గది నాది" అంది మనోజ. "పన్నెండు ఎనిమిది నాది. తొమ్మిది ఆమెది. రెండేండ్లు గోలీలు మింగిన. మా అమ్మ వారం వారం కార్జం తెచ్చింది."

"పోయినా ఏం జేసేటిదానివి?" అన్నాడు పరమేశ్వర్. ఇప్పుడు గొంతు తగ్గించడం మరిచిపోయాడు. "దేశానికి మెడల్ దెచ్చేటిదానివా? ఎంతమంది పోలేదు ఊటీకి, ఏం బీకిన్రు?"

"ఏమో. ఏం జేసేదాన్నో నాకు తెల్వకుండ జేసినవ్. గదే నువ్వు జేసింది."

పదేళ్లలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

హిమోగ్లోబిన్ మీటరు ముల్లు నిలిచింది. దివాకర్ వంగి చూసి చదివాడు. "యమున పది పాయింట్ ఒకటి. ఎస్తేరు పదమూడు పాయింట్ ఒకటి. పొద్దుగాల రిపోర్టు కరెక్టే సార్."

"గట్లెట్లయితది?" అన్నాడు పరమేశ్వర్. ఆ మాట నిజంగానే అడిగాడు. అతనికి లెక్క అందలేదు. తన చేత్తో మార్చిన పేర్లు తన కళ్ల ముందే మళ్లీ సరిగ్గా ఎట్లా కూర్చున్నాయి?

మనోజ దూది బుట్టలో వేసి అతని వైపు తిరిగింది.

"ఎట్లయితదో చెప్పాల్నా? పొద్దుగాల నేనే ఉల్టా అతికిచ్చిన. ఎస్తేరు ట్యూబు మీద యమున పేరు, యమున ట్యూబు మీద ఎస్తేరు పేరు. నువ్వు కారుల కూసోని రెండిటినీ పీకి మార్చినవ్. సీదా అయినయి. నువ్వు ముట్టకపోతే ఉల్టానే ఉంటుండె."

మొదట అర్థమైంది నారయ్యకు.

"వారీ" అన్నాడు. "దొంగతనం జేసి సొమ్ము ఇంటోళ్ల సందూకల్నే పెట్టి పోయినవా సారూ?"

పరమేశ్వర్ కాదని అనవచ్చు. నేను ముట్టలేదు అనవచ్చు. కానీ ట్యూబులు తారుమారైనయని అరగంట కింద అందరి ముందు అన్నది అతనే. ఎవరూ అతన్ని అడగలేదు. యమున మాత్రం కుర్చీలోంచి లేవకుండా తండ్రి చేతుల వైపు చూస్తోంది. ఎస్తేరు గోడకు ఆనుకొని, రక్తం తీసిన చెయ్యి మడిచి పట్టుకొని నిలబడింది.

"ఫారం మీద నీ సంతకం గావాలె" అంది మనోజ. "నాలుగు నలభై అయింది. ఐదింటికి కొరియర్ పోతది."

"సంతకం పెట్టకపోతే?"

"మా దివాకరన్న ఈ సంగతంత ఒక కాగితం మీద రాస్తడు. ఈడున్నోళ్లందరు ఏలిముద్రలేస్తరు. ఫారానికి బదులు గది పోతది ఊటీకి."

"నాకు సంతకం వస్తది" అన్నాడు నారయ్య. "ఏలిముద్ర నేనెందుకేస్త?"

పరమేశ్వర్ దివాకర్ వైపు చూశాడు. దివాకర్ పెన్ను తీసి ఇచ్చాడు. పరమేశ్వర్ ఎస్తేరు ఫారం మీద రెండు చోట్ల సంతకం పెట్టి, పెన్ను బల్ల మీద పడేసి మెట్లు దిగాడు. కింద కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది. యమున అతని వెంట పోలేదు. ఎస్తేరుతో కలిసి కొరియర్ ఆఫీసు దాకా నడిచింది.

ఆ సాయంత్రమే దివాకర్ మనోజను లోపలికి పిలిచి తిట్టాడు. ఆయన ట్యూబులు ముట్టకపోయి, నీకు ఆ పూట జరం వచ్చి, ఇంకొకరు పరీక్ష చేసి ఉంటే నా లాబ్ ఏమయ్యేదని అడిగాడు. మనోజ తప్పే అంది. అతను ఇంకా తిట్టాడు. ఆమె విన్నది. ఇంటికి పోయి బుగ్గమ్మకు మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. బుగ్గమ్మ చాట పక్కన పెట్టి, "వాని మొఖం ఎట్లయింది? మళ్ల చెప్పు" అంది. మనోజ మళ్లీ చెప్పింది. ఆ రోజు ఇద్దరూ కడుపు నిండా తిన్నారు. పగ తీరితే మనసు ఖాళీ అయిపోతుందని ఎక్కడో విన్నది మనోజ. ఆమెకు అట్లా ఏమీ కాలేదు.

కబురు నారయ్య నోట పడి రెండు రోజుల్లో యాచారం దాటింది. అకాడమీ నుంచి ఐదుగురు పిల్లలు మానేశారు. ప్లాటుకు బయానా ఇచ్చిన ఒకాయన కాగితాలు మళ్లీ చూపించమన్నాడట. సోమవారం ఎస్తేరు సికింద్రాబాదులో రైలెక్కింది.

మంగళవారం పొద్దున లాబ్ తెరవగానే యమున వచ్చింది. పరుగెత్తి వచ్చింది కాబోలు, చెమట పట్టి ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఒక్క మాట అడగాల్నక్కా. మా నాన్న గా దినం ఆ ట్యూబులు ముట్టకపోతే ఏం జేసేదానివి?"

"పేర్లు సరిజేసి రిపోర్టు ఇచ్చేదాన్ని. నువ్వప్పుడు గూడ పదే. ఎస్తేరే పోయేది."

"ఎవ్వరికి ఏం తెల్వకపోవు."

"తెల్వకపోవు."

"డబ్బా నువ్వే ఇచ్చినవ్ ఆయన చేతుల."

"అవ్."

"ముట్టాల్ననే ఇచ్చినవ్."

"అవ్" అంది మనోజ. "ముట్టాల్ననే ఇచ్చిన."

యమున తల ఊపింది. ఏడవలేదు. "ఆయన జేసింది తప్పే. నేను ఇంట్ల మాట్లాడుతలేను ఆయనతోని. కానీ నా రక్తాన్ని వాడుకున్నరు మీరిద్దరు. ఆయనకు నేను ఊటీ పోవాలె. నీకు ఆయన దొరకాలె. నాకు రక్తం తక్కువున్నదని నాకు ఒక్కరు చెప్పలే. నా రెప్ప దించి చూసినవ్ గద, గప్పుడన్న చెప్పొద్దా?"

ఆ పొద్దున రెప్ప కింద ఎరుపు తగ్గి ఉండటం చూసి మనోజకు కలిగింది సంతోషం. అది ఆమెకు బాగా గుర్తుంది.

"మూడు నెలలు గోలీలు మింగుత" అంది యమున. "అటెంక మళ్ల పరీక్ష చేయించుకుంట. నీ దగ్గర మాత్రం కాదు."

"గోలీ చాయ్ తోని మింగకు" అంది మనోజ. "చాయ్ తాగితే రక్తం పట్టదు. నిమ్మకాయ నీళ్లతోని మింగు. కడుపుల తిప్పుతది, తిప్పినా ఆపకు."

యమున విన్నదో లేదో తెలియలేదు. మెట్లు దిగి రోడ్డు దాటి సాగర్ రోడ్డు వైపు పరుగు అందుకుంది. మనోజ కిటికీ దగ్గర నిలబడి, ఆమె అడుగు మూల మలుపు దాకా ఎంత వేగంతో పడుతోందో లెక్కపెట్టింది. పిల్ల నెమ్మదిగా పోతోంది, కానీ ఆగలేదు. లోపల బెంచీ మీద ఒకామె తన వంతు వచ్చిందా అని అడిగింది. మనోజ కొత్త సూది విప్పి ఆమెను రమ్మంది.